బోడెలుక, చిటికె రొయ్య, నీ అద్దె ఇల్లు

ఒరేయ్ నాన్నా,

మీ అమ్మ నాకొక వీడియో పంపింది. మర్నాడు నువ్వొకటి పంపావు. ఆవిడ పంపినదాంట్లో ఆఫ్రికా నేల కింద బోలెడన్ని ఎలుకలు ఒకే కలుగులో ఒకే తల్లి చుట్టూ బతుకుతున్నాయి. ఉమ్మడి కుటుంబమే ప్రకృతి ధర్మమని ఎవరో మహానుభావుడు దాని కింద రాసిపెట్టాడు. నువ్వు పంపినదాంట్లో ఒక ఆక్టోపస్ రాతి సందులో ఒంటరిగా కూర్చుని పీతని తింటోంది. తెలివైన జీవి ఎవరి మీదా ఆధారపడదని దాని కింద రాత. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గిన్నెలో పప్పు వడ్డించుకుంటూ, తల్లీకొడుకులు ఒకరితో ఒకరు అనుకోవాల్సిన మాటల్ని కాకినాడలో ఉన్న నా ఫోనుకి జంతువుల చేత చెప్పిస్తున్నారు. రిటైరయ్యేదాకా జువాలజీ చెప్పిన పాపానికి నాకిది తప్పదు కాబోలు.

సరే, సాక్షుల్ని మీరే పిలిచారు. ఇక వాళ్లు చెప్పేది ఆసాంతం వినాలి. మీకు పనికొచ్చే ముక్క దగ్గర ఆపేసి బోనులోంచి దింపేస్తానంటే కుదరదు.

ముందు మీ అమ్మ తరఫు సాక్షి. నేకెడ్ మోల్ ర్యాట్ అంటారు, మనం బోడెలుక అనుకుందాం. ఇథియోపియా, సొమాలియా, కెన్యాల్లోని ఎండు నేలల కింద ఉంటుంది. అక్కడక్కడా నాలుగు మీసాల్లాంటి వెంట్రుకలు తప్ప ఒంటిమీద బొచ్చు లేదు. ముడతలు పడ్డ గులాబీ రంగు తోలు, ఉండీ లేనట్టున్న కళ్లు, ముప్ఫై నలభై గ్రాముల బరువు. అందానికి ఎవరూ మార్కులు వెయ్యరు గానీ, దాని మూతి చూడాలిరా! ముందుపళ్లు పెదవులకి బయట ఉంటాయి, పెదవులు ఆ పళ్ల వెనకాల మూసుకుంటాయి. అంచేత నోరు మూసుకునే మట్టి కొరుకుతుంది, గొంతులోకి మట్టి పోదు. కింది పళ్లు రెండూ దేనికది విడిగా కదులుతాయి. ఒంట్లో ఉన్న కండలో నాలుగో వంతు దవడలకే పోయింది. తవ్వేటప్పుడు ఒకటి ముందు నిలబడి కొరుకుతుంది. దాని వెనక వరస కట్టినవి ఆ మట్టిని వెనక్కి వెనక్కి తోస్తాయి. చివరిది కన్నం దగ్గర కాచుకుని వెనక కాళ్లతో బయటికి చిమ్ముతుంది. పైన నిలబడ్డవాడికి ఎలుక కనిపించదు, చిట్టి అగ్నిపర్వతంలాగా నేలలోంచి మట్టి ఎగిరిపడుతూ ఉంటుంది.

ఒక్కో కలుగులో సగటున డెబ్బై ఎనభై ఉంటాయి, 300 దాకా ఉన్నవీ ఉన్నాయి. అన్నింట్లోకీ పిల్లల్ని కనేది ఒక్కతే, రాణి. దానితో జతకట్టేవి ఒకటో రెండో, మహా అయితే మూడో మగవి. తక్కినవన్నీ తవ్వాలి, దుంపలు వెతకాలి, పిల్లల్ని మోయాలి, పాము దూరితే ఎదురు నిలవాలి. ఇలాంటి కాపరం చీమలూ తేనెటీగలూ చెదపురుగుల్లాంటి పురుగులకే చెల్లిందనుకునే రోజుల్లో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ అలెగ్జాండర్ అనే ఆయన తన ఉపన్యాసాల్లో ఒక ఊహ చెబుతుండేవాడు. వెన్నెముక ఉన్న జంతువుల్లోనూ ఇలాంటిది ఉందనుకుంటే అది ఎక్కడ ఉండాలి, ఏం తినాలి అని. వేడి దేశంలో, గట్టి నేల కింద, పెద్ద పెద్ద దుంపలు తిని బతికే ఎలుకజాతిదై ఉండాలని ఆయన లెక్క. 1976లో ఆరిజోనాలో ఈ మాటే చెబుతుంటే, వింటున్నవాళ్లలో టెర్రీ వాన్ అనే జంతుశాస్త్రవేత్త, మీరు వర్ణించింది అచ్చం ఆఫ్రికా బోడెలుకనే కదా అన్నాడు. కేప్‌టౌన్‌లో జెన్నిఫర్ జార్విస్ అప్పటికే వాటిమీద పనిచేస్తోంది. 1981లో ‘సైన్స్’ పత్రికలో ఆవిడ వ్యాసం వచ్చింది, ఊహ నిజమని తేలింది.

ఈ కథలో నాకు నచ్చేది అలెగ్జాండర్ ప్రశ్న వేసిన తీరు. ఆ జంతువు గుణవంతురాలా కాదా అన్న గొడవే ఆయన పెట్టుకోలేదు. ఎలాంటి ఇంట్లో ఉంటే ఇలాంటి కాపరం నడుస్తుంది అని చూశాడు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమని మనవాళ్లు అన్నదాన్ని ఆయన ఎలుకలకి పెట్టి చూశాడన్నమాట. నువ్వూ ఆ పట్టు వదలకు, దానితోనే పని ఉంది మనకి.

ఇంక వీడియోలో చూపించనివి చెబుతాను, మీ అమ్మకి కూడా చదివి వినిపించు. ఆ రాణి ఊరికే కూర్చుని ప్రేమ పంచదు. సొరంగాల్లో తిరుగుతూ, పని తగ్గించిన వాటిని మూతితో పొడుస్తూ వెనక్కి తోస్తుంది. బద్ధకస్తులకే ఆ తోపులు ఎక్కువ పడతాయని 1992లో లెక్క తేల్చారు. రాణి ఉన్నంతకాలం తక్కిన ఆడవాటి అండాశయాలు ఎదగవు. ఒకదాన్ని తీసి వేరే పెట్టి చూడు, కొద్ది రోజుల్లోనే దాని ఒంట్లో మార్పు మొదలవుతుంది. అంటే దానికి చేతకాక కాదు, ఆ ఇంట్లో వీలుపడక. రాణి చచ్చిపోతే మిగతా ఆడవి చాలాసార్లు ఒకదాన్నొకటి చంపుకునేదాకా కొట్లాడుకుంటాయి. గెలిచినదానికి నడుము ఎముకలు కూడా సాగి ఒళ్లు పొడుగవుతుంది. ఒక్కో కలుగుకీ ఒక్కో యాస ఉంటుందనీ, రాణి పోతే ఆ యాస చెదిరిపోతుందనీ 2021లో బయటపడింది. పొరుగు యాసవాడు లోపలికి వస్తే బతికి బయటపడటం కష్టం. రాణి మలం తినడం వల్ల కూలి ఎలుకలకి పిల్లల కూతలమీద ధ్యాస పెరుగుతుందని జపాన్‌వాళ్లు చూపించారు. ఇది మాత్రం మీ అమ్మకి చదవకు.

నీ సాక్షి విషయానికొస్తే, ఎక్కువసేపు పట్టదు. మామూలు ఆక్టోపస్ బతికేది ఒకటి రెండేళ్లు. ఆడది గుడ్లు పెట్టి, వాటి కాపలాలో తిండి మానేసి, పిల్లలు బయటికొచ్చే వేళకి కన్ను మూస్తుంది. జెరోమ్ వొడిన్‌స్కీ 1977లో అలాంటి తల్లి కళ్ల దగ్గరి గ్రంథులు తీసేస్తే, అది గుడ్లు వదిలేసి మళ్లీ తినడం మొదలుపెట్టింది, ఎక్కువ కాలం బతికింది. అది ఒంటరితనం ఎంచుకుందనీ, అందులో ఏదో తాత్త్వికత ఉందనీ అనుకోకు. తన పిల్లల్ని పెంచడానికే ఉండని జీవికి ఉమ్మడి కాపరం ఎలా వస్తుంది? ఆపైన, ఆస్ట్రేలియాలో జెర్విస్ బే అనే చోట ఇసక అడుగు మీద గుల్లలు పోగుపడ్డ దిబ్బ ఒకటి ఉంది. చుట్టుపక్కల దాక్కునే చోటు లేదు. అందుకని నీ ఒంటరి మేధావులు డజను దాకా అక్కడ పక్కపక్కన ఇళ్లు కట్టుకున్నాయి. ఒకదానిమీద ఒకటి బురదా గుల్లలూ విసురుకుంటూ ఉంటాయి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ గుర్తుకొచ్చిందా? చోటు కరువైతే ఆక్టోపస్ కూడా ఇరుగుపొరుగుతో సర్దుకుంటుంది.

బోడెలుక పక్కన సముద్రపు జీవిని పెట్టి చూడాలనే అనుకుంటే, పెట్టాల్సింది ఆక్టోపస్‌ని కాదురా. నేను చెబుతాను విను.

పిస్టల్ ష్రింప్ అనే రొయ్యలున్నాయి. చిటికె రొయ్యలందాం. మన తీరంలోనూ ఆ జాతివి ఉన్నాయి. కోరింగ మడ అడవికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు పోటు తీసిన బురదలోంచి టిక్, టిక్ అని వినపడేది, ఎవరో కనపడకుండా చిటికెలు వేస్తున్నట్టు. దానికి రెండు డెక్కల్లో ఒకటి ఒంటికి మించిన సైజులో ఉంటుంది. దాన్ని తెరిచి టక్కున మూస్తే నీటి ధార ఎంత జోరుగా దూసుకుపోతుందంటే, వెనకాల ఒక బుడగ పుట్టి మరుక్షణమే చితికిపోతుంది. ఆ చప్పుడు డెక్క అంచులు ఒకదానికొకటి కొట్టుకోవడం వల్ల వచ్చేది కాదు, బుడగ చితకడం వల్ల వచ్చేదని 2000లో హైస్పీడ్ కెమెరాతో తేల్చారు. చుట్టుపక్కల చిన్నాచితకా జీవాలు ఆ దెబ్బకి మూర్ఛపోతాయి.

ఈ చిటికె రొయ్యల్లోనే సినాల్ఫియస్ రెగాలిస్ అని ఒకటుంది, కరీబియన్ సముద్రంలో. బెలీజ్ దేశం దగ్గరి పగడపు దిబ్బల్లో ఎమ్మెట్ డఫీ అనే ఆయన దాన్ని పరిశీలించాడు. అది ఉండేది స్పాంజి లోపల. గిన్నెలు తోముకునే స్పాంజి అనుకోకు, రాళ్లని అంటిపెట్టుకుని పెరిగే ప్రాణి అది, ఒళ్లంతా సన్నటి కాలువలే. ఆ కాలువలే వీటి గదులు. పిడికిట్లో పట్టేంత స్పాంజిని తెచ్చి పళ్లెంలో పెట్టి పొరపొరగా చీలిస్తే, లోపలినుంచి బియ్యపు గింజంతవీ అంతకన్నా పెద్దవీ వందల కొద్దీ బయటపడతాయి. 300కి పైగా దొరికిన స్పాంజీలున్నాయి. వాటిలో కడుపు కింద గుడ్లు మోస్తున్నది వెతికితే ఒక్కటే ఒక్కటి. తక్కినవి చాలావరకు దాని సంతానమే. 1996లో ‘నేచర్’ పత్రికలో డఫీ ఈ సంగతి ప్రకటించాడు. సముద్రంలో రాణీ, ఆమె పరివారమూ ఉన్నట్టు తెలిసిన మొట్టమొదటి జీవి అదే.

రొయ్యపిల్లలంటే మామూలుగా గుడ్డులోంచి రాగానే నీళ్లలో కొట్టుకుపోతాయి కదా, ఎక్కడో దూరాన తేలతాయి. ఇవి అలా కాదు. గుడ్డులోంచే పాకే పిల్లలుగా దిగుతాయి. పుట్టిన గదిలోనే పెరుగుతాయి. పరాయి రొయ్య ఏదైనా లోపలికి తల పెడితే ముందు ఒకటి చిటికె వేస్తుంది, అది లొంగకపోతే తక్కినవన్నీ కలిసి ఒక్కసారిగా టపటపలాడిస్తాయి. ఇల్లు నిండా మేమున్నాం, పో అని. పెద్ద మగవి తలుపు దగ్గర నిలబడి పోట్లాడతాయి. దీని దగ్గరి చుట్టం ఒకదాంట్లో రాణికి ఆ పెద్ద డెక్కే ఉండదు, రెండూ చిన్నవే. కాపలా వాళ్లు అంతమంది ఉండగా ఆవిడకి ఆయుధం దేనికి?

ఇప్పుడు చెప్పు. ఒకటి పాలిచ్చే జంతువు, ఒకటి వెన్నెముకే లేనిది. ఒకటి ఎండమావుల దేశం, ఒకటి ఉప్పునీళ్లు. వీటికి ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడంటే యాభై కోట్ల ఏళ్లకి పైగా వెనక్కి పోవాలి. అయినా ఇద్దరిదీ ఒకటే కాపరం ఎలా అయింది?

బయట ఇల్లు దొరకదు గనక.

బోడెలుక ఊళ్లో మట్టి ఎండితే సిమెంటులాగా అయిపోతుంది, వాన పడ్డ కొద్ది రోజులే తవ్వకం సాగేది. దుంపలా, ఒకటి దొరికితే నెలల తరబడి పెడుతుంది గానీ, రెండోది ఎక్కడుందో తెలియదు. ఒంటరిగా బయల్దేరినది దుంప తగిలేలోగా ఆకలితో చస్తుంది. ముప్ఫై నలభై మూతులు కలిసి నాలుగు దిక్కులా తవ్వితే ఒక దిక్కునైనా తగులుతుంది. (ఈ వివరణ ఒక్కటే చాలదనేవాళ్లూ ఉన్నారు, ఆ గొడవలోకి నిన్ను లాగను.) చిటికె రొయ్యకి తిండి బాధ లేదు. తిండీ గూడూ రెండూ ఆ స్పాంజిలోనే. కానీ పనికొచ్చే స్పాంజి ఖాళీగా దొరకడమే గగనం, వెతికిన ప్రతిదాంట్లోనూ ఎవరో ఒకరు కాపురముంటున్నారు. బయటికి పోతే చేప నోట్లోకో, పరాయి ఇంటి డెక్కల్లోకో.

అక్కడే రెండింటికీ తేడా కూడా ఉంది, నువ్వు సరిగ్గా పట్టుకోవాల్సిందిదే. బోడెలుక ఇంట్లో చేతులు కావాలి, అందుకని ఉంటాయి. రొయ్య ఇంట్లో చెయ్యడానికి పెద్ద పనేం లేదు, తలుపు కాయడానికి మనుషులు కావాలి, అందుకని ఉంటాయి.

మన పొలాల్లో పందికొక్కు సంగతి మీ నాన్నకి తెలుసు. గట్టు తవ్వి చూస్తే పిల్లల తల్లి తప్పిస్తే సాధారణంగా బొక్కకి ఒక్కటే పెద్దది ఉంటుంది. మెత్తటి మట్టి, గుమ్మం ముందే వరి కంకులు, ఇంక దానికి తోడెందుకు? పందికొక్కు స్వార్థపరుడనీ, బోడెలుక త్యాగమూర్తి అనీ ఎవరైనా వీడియో తీస్తే మాత్రం నాకు పంపకండి.

ఇప్పుడు నీ దగ్గరికొస్తాను. నువ్వు ఇంట్లో ఉండటానికీ, ఇప్పుడు అద్దె ఇంటికి పోతాననడానికీ అసలు కారణం ఏమిటో కాగితం మీద రాసుకో. ఇన్నాళ్లూ అమ్మానాన్నల కోసమే ఆగానని నాతో అన్నావు. నిజం చెప్పు, హైటెక్ సిటీ పక్కన అద్దెలు విని గుండె ఆగి కాదూ ఆగింది? అందులో సిగ్గుపడాల్సిందేం లేదురా. జీతంలో మూడో వంతు అద్దెకి పోతుందంటే ఎవడైనా ఆలోచిస్తాడు. కానీ అద్దె మిగిలిందని ఉండి, దాన్ని త్యాగం పద్దులో రాసుకుంటే రేపు ఆ బాకీ తీర్చమని మీ అమ్మనే అడుగుతావు. అలాగే ఇప్పుడు పోతానంటున్నది కూడా స్వాతంత్ర్యం కోసమని పెద్ద పెద్ద మాటలొద్దు. రోజూ మెట్రోలో వేలాడి, అమీర్‌పేటలో మారి, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరడం నీ వల్ల కావడం లేదు. ఆ మాటే అను. మీ అమ్మ స్వాతంత్ర్యంతో దెబ్బలాడుతుంది గానీ మెట్రోతో దెబ్బలాడదు.

ఇంకోటి. ఆ వీడియో చూసి తనే రాణినని మీ అమ్మ మురిసిపోయి ఉంటుంది. కాదని నేను చెప్పలేను, చెల్లెలు కదా. నీకు చెబుతాను. ఆ కలుగుల్లో తవ్వకుండానే తిండి దొరికేది ఎవరికి? ఎవరి పిల్లల కోసం, ఎవరి సుఖం కోసం తక్కినవాళ్లు ఎదగడం మానేస్తారు? మీ ఇంట్లో పొద్దున్నే ఐదింటికి లేచి టిఫిన్ బాక్సు కట్టేదెవరు, ఆదివారం పదింటికి లేచి కాఫీ ఏదని అడిగేదెవరు? రాణివి నువ్వేరా వెధవా! మీ అమ్మ కొరికే ఎలుక, మీ నాన్న మట్టి తోసే ఎలుక. ఆవిడ సంగీతం నేర్చుకుంటానని ఎన్నిసార్లు అనుకుని ఎన్నిసార్లు మానేసిందో నీకు తెలుసా? నాకు తెలుసు. నువ్వు వెళ్తే ఇల్లు బోసిపోతుందని ఏడుస్తుంది. నిజమే, ఏడుస్తుంది. కానీ ఆవిడకి పొద్దున ఐదింటి పని ఒకటి తగ్గుతుంది. ఆ రెండూ నిజాలే, ఒకటి చెప్పి ఇంకోటి దాచకు.

నువ్వు తవ్వేవాడివి కాదన్నది తేలిపోయింది. కాపలాకైనా ఉన్నావా? మీ నాన్నకి బీపీ పెరిగి రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు పక్కింటివాళ్లు తోడొచ్చారు. ఆ రోజు నీకు నైట్ షిఫ్ట్. తప్పు పట్టడం లేదు. నేననేది, ఇంట్లో ఉన్నంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదని. గంటలో రాగలిగే దూరంలో ఉండి, ఫోన్ ఎత్తేవాడు కూడా కాపలాదారే.

బోడెలుకల్లో ఒక రకం ఉందని 1996లో కనిపెట్టారు. ఒళ్లు కొవ్వు పట్టి ఉంటుంది, ఇంట్లో పని ముట్టుకోదు, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తుంటుంది, సొంత ఇంటివాళ్లతో కాక పరాయి కలుగువాళ్లతో జతకట్టాలని దాని ఆరాటం. చూసేవాడికి అది సోమరి. కానీ ఆ కొవ్వు దారి బత్తెం. కొత్త కలుగు మొదలుపెట్టేది అలాంటివే. కొవ్వెక్కి మాట్లాడుతున్నావని మీ నాన్న అన్నాడట. అననీ. నిజంగా ఎక్కిందా అన్నదే నా ప్రశ్న. బ్యాంకులో ఆరు నెలల అద్దె, తిండి ఖర్చు పక్కన ఉన్నాయా? ఫోన్ ఈఎంఐ, బండి ఈఎంఐ పోగా ఏం మిగులుతోంది? అది లేకుండా బయల్దేరిన ఎలుక నాలుగు రోజుల్లో తిరిగొస్తుంది. పరాయిదనుకుని గుమ్మంలోనే కరవొచ్చు. మీవాళ్లు కరవరు గానీ, “మేం చెప్పలేదూ” అంటారు, అది అంతకన్నా గట్టిగా తగులుతుంది. డబ్బు చాలకపోతే దసరా దాకా ఆగు. ఆగేది డబ్బు కోసమని చెప్పి ఆగు. ఆగినన్నాళ్లూ పాలవాడి బిల్లు, కరెంటు బిల్లు నువ్వు కట్టు, నీ బాక్సు నువ్వు కడుక్కో.

చాలితే వెళ్లు. నేను మీ అమ్మతో మాట్లాడతాను గానీ, ముందు నువ్వు చెప్పు. నాన్నకి చెప్పి ఆయన చేత చెప్పించకు. అన్నం తినేటప్పుడు చెప్పకు, ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోతుంది, అదొక వారం నడుస్తుంది. సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్నప్పుడు వెళ్లి, నువ్వూ రెండు తీస్తూ చెప్పు. ఇల్లు చూడటానికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు. నీళ్లు ఏ వేళకి వస్తాయో, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందో లేదో నువ్వు అడగవు, ఆవిడ అడుగుతుంది. ఓనరు రెండు నెలల అడ్వాన్స్ అంటే ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటాడో ముందే కాగితం మీద రాయించుకో.

తాళం ఇంకోటి చేయించి ఆవిడకివ్వు. చెప్పకుండా వచ్చి ఫ్రిజ్‌లో గోంగూర పెట్టి, నీ దుప్పట్లు ఉతికి పోతుంది, నువ్వు విసుక్కుంటావు. అందుకని వచ్చేముందు ఒక ఫోన్ అని మొదటి రోజే అనుకోండి. ఆవిడ గిన్నెలు మాత్రం కడిగి తిరిగివ్వు, స్టీలువి ఇప్పటికే రెండు నా దగ్గరే ఉండిపోయాయని అడుగుతోంది.

మీ పెద్దమ్మ